సోయాలోకని చెప్పి తెచ్చిన మందు

ముందే చెప్తున్నాను, ఇందులో చివరికి నేను గెలవను. ఒక ఇంటి ముందు పచ్చగా ఉన్న నేల నాశనమవుతుంది. నాకు చెల్లెలి వరసైన ఒక మంచి మనిషి నాతో నెల రోజులు మాట్లాడదు. ఎల్లారెడ్డిలో ఒక పురుగుమందుల దుకాణం ముందు నా తోటి రైతులు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఇంత ఘోరానికీ కారణం ఒక్కడే మనిషి. వాడు దొంగ కాడు, తాగుబోతు కాడు. నలభై ఏళ్లు వరి, సోయా పండించినవాడు. అన్నీ చదివి, అన్ని జాగ్రత్తలూ పాటించి, పద్ధతి ప్రకారం సర్వనాశనం చేసినవాడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకైతే ఇప్పటికీ ఎవరింటి ముందైనా కత్తిరించిన పచ్చగడ్డి కనబడితే తల దించుకుని, రోడ్డుకు అవతలి పక్కన నడుస్తాను.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఇంకా చిన్నవాణ్ణి, అరవై తొమ్మిదే. ఆ వయసులో మనిషికి తనకు తెలియనిది లేదన్న పొగరుంటుంది. డెబ్బై దాటితే తగ్గుతుందంటారు. నాకు దాటకముందే తగ్గించారు.

నా చదువు సంగతి చెప్పాలి. మూడో తరగతిలో నన్ను బడి మాన్పించి బర్రెల వెంట పంపారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అక్షరాలు నేను యూరియా బస్తాల మీద, విత్తనాల సంచుల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. మందు డబ్బాకు అంటించిన కాగితం నా మొదటి వాచకం. డబ్బాతో పాటు ఎనిమిది మడతలు పెట్టి ఇచ్చే పొడుగు కాగితం నా రెండో వాచకం. మా మండలంలో మందు కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే రైతు ఎవరని అడిగితే నా వేలు నా ఛాతీ మీదికే పోతుంది. ఈ గొప్ప గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో ఇదే తిరిగొచ్చి నా నెత్తిన పడుతుంది.

ఆ ఏడాది ఆషాఢంలో నాట్లు అయిపోయాక, పొలం కొడుక్కి అప్పగించి నేను కామారెడ్డిలో మా బిడ్డ సుజాత ఇంటికి పోయాను. నోట్లో పండ్లన్నీ ఊడిపోయాయి, కొత్త పండ్ల సెట్టు కట్టించుకోవాలి. పండ్ల డాక్టరు ఒక్కరోజులో వదలడు కదా. నాలుగు రోజులకోసారి రమ్మంటాడు, నోట్లో మైనం ముద్ద పెడతాడు, మళ్లీ రమ్మంటాడు. అంతవరకూ బిడ్డనిచ్చిన ఇంట్లో ఉండాలి. అల్లుడు మంచివాడే, ఎవరూ ఒక్క మాట అనరు. కానీ బిడ్డ అత్తగారింట్లో కూర్చుని తినడమంటే మా దిక్కు తండ్రులకు ముద్ద గొంతు దిగదు. మొదటి పూట చుట్టరికం. రెండో పూట మొహమాటం. మూడో పూట నుంచి ఏదైనా పని దొరుకుతుందా అని కళ్లు ఇల్లంతా వెతుకుతాయి.

నా కళ్లకు దొరికింది ఇంటి ముందటి గడ్డి.

ఆ గడ్డి మా వియ్యపురాలు భారతమ్మది. బీబీపేటలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. నాకు చెల్లె వరస, నన్ను "అన్నా" అని నోరారా పిలిచేది. ఆమె భర్త, మా వియ్యంకుడు, హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నాకు బావ, నేనూ ఆయనకు బావనే. ఇల్లు కట్టినప్పుడు బావ ముందున్న జాగా అంతా షాబాదు బండలు పరిపిద్దామన్నాడు. బురద ఉండదు, పురుగూ పుట్రా ఉండదు, ఊడిస్తే అద్దంలా ఉంటుంది అని. భారతమ్మ ఒప్పుకోలేదు.

"ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా? గీ జాగ ఒక్కటి నాకు ఇడువు. పొద్దున లేచి కాలు కిందవెడితే మట్టి తగలాలె నాకు" అన్నదట.

నర్సరీ నుంచి గడ్డి పలకలు తెప్పించి తన చేత్తో పరిచింది. వాడు దానికేదో దొరల పేరు చెప్పాడు గానీ నాకు చూడగానే తెలిసింది. అది గరిక జాతి. నలభై ఏళ్లు మేము గట్ల మీద తిట్టుకుంటూ తవ్వి పారేసిన గడ్డిని పీటల్లా చదరంగా కోసి అమ్ముతున్నారు! లోకం ఎటు పోతున్నదో అనుకున్నాను. కానీ భారతమ్మ పొద్దున్నే ఆ గడ్డి మీద చెప్పులు లేకుండా నడిచేటప్పుడు ఆమె మొహం చూస్తే, కొనుక్కుంటే తప్పులేదనిపించేది.

ఇక ఆ గడ్డిలోకి కలుపు ఎట్లా వచ్చిందంటారా? నా వల్లే. అంతకుముందు ఎండాకాలం ప్రేమ పొంగి ట్రాక్టరు నిండా పెంట ఎరువు పంపాను. బాగా చివికిన ఎరువు పంపాలి. ప్రేమ ఆగదు కదా, సగం చివికిందే పంపాను. వానలు పడగానే అందులోని గింజలన్నీ కళ్లు తెరిచాయి. గంగపాయల కూర, గలిజేరు, తోటకూర, తుమ్మి, ఒకటా రెండా! హెడ్మాస్టరు ఇంటి ముందు మా ఎల్లారెడ్డి పెంటకుప్ప కుటుంబమంతా వచ్చి కాపురం పెట్టింది.

అప్పుడే భారతమ్మకు ప్రయాణం పడింది. శ్రావణంలో బీబీపేటలో ఆమె అన్న బిడ్డ పెండ్లి, పనులకు పదిహేను రోజుల ముందే పోవాలి. సంచి సర్దుకుంటుంటే బావ కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు.

"భారతీ, నువ్వు వాపసు వచ్చేవరకు ఈ అడవి పోవాలె, గడ్డి గడ్డిలెక్క ఉండాలె. లేకుంటే బండలోళ్లకు చెప్పి పెట్టిన. ఇంక నా ఓపిక అయిపోయింది."

భారతమ్మ సంచి మూతి బిగించి నా దిక్కు తిరిగింది. "అన్నా, రోజింత కూసొని పీకుతవా? నీ చేతిల వెట్టి పోతున్న."

"పీకుడు గీకుడు ఎందుకు చెల్లె? నేను సూసుకుంట గద!" అన్నాను.

ఈ మాట అనకుండా ఉంటే నేను ఈ రోజు గౌరవంగా బతుకుతూ ఉండేవాణ్ణి.

నిజం చెప్పాలి, మొదటిరోజు పీకాను. అరగంట గొంతుకూర్చుంటే మోకాళ్లు తలుపు బందుల్లా కిర్రుమన్నాయి. తెంపింది చూస్తే పిడికెడు. అంతలో గేటు అవతల స్కూటరు ఆపి ఎవరో ఆమె పిలిచింది. "తాతా, గీడ అయిపోయినంక మా ఇంటికి గూడ వస్తవా పనికి? మస్తు పెరిగింది."

వియ్యంకుడి ఇంట్లో! బిడ్డ కిటికీలోంచి వింటుండగా! నలభై ఏళ్లు నా పొలంలో నేనే మందు కలిపి, నేనే కొట్టి, కలుపును కన్నెత్తి చూడనియ్యని రైతును నేను. లేచాను. పంచె దులుపుకున్నాను. బస్సెక్కాను.

కామారెడ్డిలో మందుల దుకాణాలు లేవా అంటారేమో. వీధికొకటి ఉంది. కానీ నా నమ్మకం ఎల్లారెడ్డిలోని రాజు దుకాణం మీద. వాళ్ల నాయన కూర్చున్న రోజుల నుంచి అక్కడే తెచ్చేవాణ్ణి. ఏం పంట, ఎన్ని రోజులది, ఏం కలుపు అని అడగకుండా ఒక్క సీసా చేతికివ్వడు. అంత ఖచ్చితమైన పిల్లగాడు.

ఆ ఖచ్చితమే నన్ను ముంచింది.

నేను పోయేసరికి దుకాణం ముందు రైతులు కిటకిటలాడుతున్నారు. అందరూ తెలిసినవాళ్లే. రాజు నన్ను చూసి దూరం నుంచే నమస్తే పెట్టాడు.

"ఏం బాపు, కామారెడ్డిల ఉన్నవంట గద? ఏం గావాలె?"

"కలుపు మందు."

"ఏం పంటల కొట్టాలె?"

వెనక్కి తిరిగి గుంపును చూశాను. మీరే చెప్పండి, ఏమని చెప్పాలి? చుట్టూ ఉన్నది పగలంతా గడ్డితో కొట్లాడే మనుషులు. వాళ్ల మధ్య నిలబడి, "నాకు గడ్డి మంచిగా పెరగాలె, గడ్డికి అడ్డం వచ్చేటివి పోవాలె" అంటే నా పరువేం కావాలి? ఇక బతికినన్నాళ్లూ ఎల్లారెడ్డి బస్టాండులో దిగితే చాలు, "గడ్డి పండించే బాపు వచ్చిండు" అనరా?

"సోయాల" అన్నాను.

"ఎన్ని రోజుల పంట?"

"ఇరువై రోజులైతున్నది" అన్నాను. ఒక అబద్ధం ఆడాక రెండోది దానంతటదే వస్తుంది, పిలవనక్కర్లేదు.

రాజు పాపం సోయా మందే ఇచ్చాడు. మంచి మందు. "గడ్డి జాతి మొత్తం సాఫ్ అయితది బాపు. పంటకు ఏం గాదు" అన్నాడు. నా చెవిలోకి రెండో మాటే పోయింది. పంటకు ఏం కాదు! ఇంకేం కావాలి?

ఇక్కడ మీరు నన్ను అర్థం చేసుకోవాలి. నా పుట్టుకలో నేను గడ్డిని పంటగా చూడలేదు. నలభై ఏళ్లుగా నా తలకాయలో గడ్డి అనే మాట కలుపు అనే గదిలోనే ఉంది. ఆ గదికి తాళం వేసి తాళంచెవి ఎక్కడో పడేసుకున్నాను.

మర్నాడు పొద్దున గాలి లేదు, మబ్బు విడిచింది. మందు కొట్టడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. వరండాలో బావ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరుకు పాఠం చెప్పే అవకాశం నాకెప్పుడొస్తుంది? కళ్లజోడు పెట్టుకుని, కాగితం మడతలు విప్పి, గొంతు సవరించుకుని గట్టిగా చదివాను. చేతులకు తొడుగులు వేసుకోవాలని, గాలికి ఎదురుగా కొట్టకూడదని, పిల్లలనూ పశువులనూ దూరంగా ఉంచాలని, రాసిన మోతాదు దాటకూడదని. బావ తల ఊపుతూ విన్నాడు.

"వెడల్పాకు పంటలలో గడ్డి జాతి కలుపు మొక్కల నివారణకు" అని కూడా చదివాను. గట్టిగానే చదివాను. నా కళ్లు చదివాయి, నోరు చదివింది, నేను ఒక్కణ్ణే చదవలేదు.

బావ చెయ్యి ఎత్తాడు. "ఆగు బావా. గడ్డిని సంపే మందు అన్నవు గద?"

"అవు."

"మరి మనదీ గడ్డే గద?"

చూశారా! పొలం మొహం చూడని మనిషి, ఒక్క ప్రశ్నలో సంగతి తేల్చేశాడు. అక్కడ నేను ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను నవ్వాను. పండ్లు లేని నోటితో, జాలిగా నవ్వాను.

"బావా, పిలగాండ్లకు లెక్కలు చెప్పినవు గని మడిల దిగలేదు నువ్వు. వరి గడ్డి కాదా?"

"గడ్డే."

"ఊద గడ్డి కాదా?"

"అదీ గడ్డే కావచ్చు."

"రెండు పక్కపక్కనే ఉంటయి. ఆకు కూడ ఒక్క తీరే ఉంటది. వరి మడిల మందు కొడితే ఊద సస్తది, వరికి ఏం గాదు. ఎట్ల? మందుకు ఎర్క బావా, ఏది పంటనో ఏది కలుపో. ఏరి సంపే మందు అంటరు దీన్ని. నువ్వు కాయితం సదివిన వాళ్లను సూసినవు గని, కాయితం మర్మం తెలిసినోన్ని సూడలే."

బావ కాసేపు ఆలోచించాడు. నా వాదనలో ఎక్కడా చిల్లు కనబడలేదు. కనబడితే నాకు చూపించేవాడే. "నీకే ఎర్క బావా" అని పేపరు తెరిచాడు.

ఇక నా జాగ్రత్తలు చూడాలి మీరు. పంచె వదిలి అల్లుడి పాత ప్యాంటు వేసుకున్నాను. చేతులకు తొడుగులు, ముక్కుకూ మూతికీ గుడ్డ, కళ్లకు అద్దాలు, కాళ్లకు గమ్ బూట్లు. బావ పేపరు దించి చూసి, "చంద్రుని మీదికి పోతున్నవా బావా?" అన్నాడు. కలుపు మందుకు విసనకర్రలా పరుచుకుని పడే నాజిల్ వేరే ఉంటుంది, ఊరి నుంచి తెచ్చిన పంపుకు అది బిగించాను. మోతాదు చుక్క ఎక్కువ కాకుండా కొలిచాను. పక్కింటివాళ్లను కిటికీలు మూసుకోమన్నాను. వాళ్ల కుక్కను కట్టేయించాను. భారతమ్మ గులాబీ కుండీల మీద తడి మందు పడకుండా ఒక్కొక్కదానికీ గోనెసంచి కప్పాను. మోకాలి ఎత్తులో, తడిసిన చోట అడుగు పడకుండా, వెనక్కి నడుస్తూ కొట్టాను. అయిపోయాక చుట్టూ తాడు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీసి, పంపు మూడుసార్లు కడిగి, సబ్బుతో తలస్నానం చేశాను.

ఇంత జాగ్రత్తగా మందు కొట్టిన మనిషిని ఎవరైనా చూపించండి. కుక్క బాగుంది, పక్కింటివాళ్లు బాగున్నారు, నేను బాగున్నాను. ఆ గులాబీలకు సంచి కప్పకపోయినా ఏమీ అయ్యేది కాదని తర్వాత తెలిసింది. ఆ మందు గులాబీని ముట్టదు. సంచి కప్పాల్సింది గడ్డికి.

మూడు రోజులు ఏమీ కనబడలేదు. ఐదో రోజు బావ అన్నాడు, "బావా, జర రంగు మారినట్టున్నది."

"ముసురుకు గట్లనే అయితది" అన్నాను.

ఆరో రోజు పసుపు. ఏడో రోజు చివర్లు వంకాయ రంగుకు తిరిగాయి. ఆ రంగు నాకు తెలుసు. ఎనిమిదో రోజు పొద్దున ఎవరూ లేవకముందే వాకిట్లోకి పోయి వంగి ఒక పోచ పట్టుకుని మధ్యలోని లేత మొవ్వు లాగాను. మెత్తగా, వెన్నలోంచి వచ్చినట్టు ఊడి వచ్చింది. కింద కుళ్లిపోయి గోధుమ రంగు.

మొవ్వు ఊడి రావడమంటే మందు పనిచేసిందని గుర్తు. సోయా చేలో అట్లా ఊడొస్తే ఎగిరి గంతేసేవాణ్ణి. పక్క చేనివాణ్ణి పిలిచి చూపించేవాణ్ణి. ఆ పొద్దున మాత్రం ఆ పోచ పట్టుకుని, అక్కడే బురదలో కూర్చుండిపోయాను. పట్టిన ప్రతి పోచా ఊడొచ్చింది. ఒక్కటైనా గట్టిగా ఉంటుందేమోనని గేటు దాకా మోకాళ్ల మీద పాకుతూ పోయాను. ఒక్కటి లేదు. నా జన్మలో ఏ మందూ అంత బాగా పనిచేయలేదు.

మరి కలుపో? దానికి ఏం రోగం! గడ్డి పోటీ తప్పిపోయేసరికి, పిలవని పెళ్లికి వచ్చి ముందు వరస కుర్చీల్లో కూర్చున్న చుట్టాల్లా కాళ్లు బారజాపింది. గంగపాయల కూర చాప పరిచినట్టు పరుచుకుని పసుపు పూలు పూసింది. తోటకూర నా మోకాలి దాకా వచ్చింది. గలిజేరు పక్కింటి గోడ మీద కన్నేసింది.

బావ వచ్చి నా వెనక నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మందుకు ఎర్క అన్నవు గద బావా, ఏది పంటనో?" అన్నాడు మెల్లగా.

మందు తెలిసే చేసింది. దాన్ని కొట్టినవాడికే తెలియలేదు.

అసలు నరకం ఫోనులో వచ్చేది. భారతమ్మ రోజూ సాయంత్రం చేసేది.

"అన్నా, కలుపు పోయిందా?"

"పోతున్నది చెల్లె."

"గడ్డి ఎట్లుంది?"

"గడ్డి... అది గూడ..." అని నీళ్లు నమిలి, "ఉన్నది" అన్నాను.

"జర ఫోన్ల సూపియ్యన్నా, పానం గుంజుతుంది."

వీడియో కాల్! మనిషి ప్రశాంతంగా అబద్ధమాడే వీలు కూడా ఈ కాలం ఉంచలేదు. సుజాత ఫోను పట్టుకుంది. నేను దాన్ని గంగపాయల కూర దగ్గరికి ఈడ్చుకుపోయాను.

"దగ్గరికి వెట్టు బిడ్డా. ఇంకా దగ్గరికి."

"బాపు, ఆకుకు తగులుతుంది ఫోను!"

"తగలనియ్యి!"

ఫోనులోంచి భారతమ్మ గొంతు వచ్చింది. "పచ్చగనే ఉన్నది గని అన్నా, గది పాయలకూర లెక్క కనవడుతుంది గద?"

"ఫోన్ల గట్లనే కనవడతది చెల్లె."

"పువ్వు గూడ కనవడుతుంది."

"ఫోను పాతది" అన్నాను.

సుజాత ఫోను ఆపి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. చిన్నప్పుడు దాన్ని అబద్ధం ఆడినందుకు ఎండలో నిలబెట్టినవాణ్ణి నేను.

ఇక తట్టుకోలేక మళ్లీ ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆ ముందురోజే పండ్ల సెట్టు బిగించారు. కొత్త పండ్లతో తొలిసారి ఊరికి పోతే పదిమందికీ నవ్వి చూపించాలని ఎంత ఆశపడ్డానో! దుకాణం ముందు మళ్లీ అదే గుంపు.

"ఏం బాపు, సోయాల గడ్డి సచ్చిందా?" అన్నాడు రాజు.

"సచ్చింది" అన్నాను. "మొత్తం సచ్చింది. గని అది సోయా గాదు."

"మరేం పంట?"

కళ్లు మూసుకున్నాను. "ఇంటి ముందట ఏసే గడ్డి."

ఎవరో ముసలి రైతు మెల్లగా అడిగాడు. "అంటే, గడ్డి బతకాల్నని గడ్డి మందు కొట్టినవా?"

ఆ తర్వాత నవ్వింది ఎవరు, బస్తా మీద కూలబడింది ఎవరు, కళ్లు తుడుచుకుంటూ తన తమ్ముడికి ఫోను కలిపింది ఎవరు, నాకు తెలియదు. నా కొత్త పండ్లు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోయాయి.

రాజు ఒక్కడే నవ్వు ఆపుకున్నాడు. "గప్పుడే చెప్తే ఏంబోయె బాపు? గడ్డి పంట అయితే వెడల్పాకు కలుపును సంపే మందు వేరే ఉంటది. పంటేందో చెప్పకుంట మందు అడిగితే, రోగమేందో చెప్పకుంట సూది ఏయించుకున్నట్టు."

"మరి వరిల ఎట్లరా? ఊద సచ్చి వరి బతుకుతది గద?"

"వరి మందును వరి అరిగించుకుంటది, ఊద అరిగించుకోలేదు. అది వరి కోసం చేసిన మందు. సోయా మందును ఏ గడ్డీ అరిగించుకోలేదు. అన్ని మందులకు ఒక్కటే తెలివి ఉంటదా?"

నలభై ఏళ్ల తర్వాత నాకు పాఠం అర్థమైంది. "ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. దాని మీద ఇంకో మందు కొట్టకు. గరిక జాతి అన్నవు గద, లోపల వేరు బతికుంటే మల్ల లేస్తది. వానలు వడనియ్యి, నెల, నెలన్నర ఆగు."

"చెల్లె ఎల్లుండి వస్తది రాజూ."

దానికి రాజు దుకాణంలో మందు లేదు.

ఎల్లుండి వచ్చింది. పొద్దున బండల ట్రాక్టరు గేటు ముందు ఆగింది. పదకొండు గంటలకు భారతమ్మ ఆటో దిగింది. చేతిలో పెళ్లి లడ్డూల సంచి. ట్రాక్టరును చూసింది, నన్ను చూసింది, తర్వాత వాకిలి చూసింది. సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, ఎండిన గడ్డిలోకి నడిచింది. అది ఆమె కాళ్ల కింద కరకరలాడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. వంగి ఒక పోచ మొవ్వు లాగింది. చేతిలోకి వచ్చిన దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.

"సోయాల కొట్టేది కొట్టినవా అన్నా?"

దుకాణంలో అంతమంది దగ్గర దాచిన సంగతిని ఆమె ఒక్క పోచలో చదివేసింది. ఆమెకు కాగితం కూడా అక్కర్లేదు.

"చెల్లె, నేను కాయితం అంత సదివిన..." అన్నాను.

ఆమె లడ్డూల సంచి తీసుకుని లోపలికి పోయింది. సుజాత చేత నాకొక లడ్డూ పంపింది. కొత్త పండ్లతో తినాల్సిన మొదటి లడ్డూ, జేబులో వేసుకున్నాను.

బావ మాట మీద నిలబడే మనిషి, నిలబడ్డాడు. కానీ సంతోషంగా మాత్రం లేడు. బండలు పరిచేటప్పుడు ఆయన పేపరు తిప్పకుండా ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాడు. భారతమ్మ ఒక్కసారే బయటికి వచ్చింది. మేస్త్రీతో ఒక్క మాట అన్నది.

"బండకు బండకు రెండు వేళ్ల సందు ఇడువు అన్నా. సందుల మట్టే నింపు, సిమెంటు పొయ్యకు."

"గదెందుకు?" అన్నాడు బావ.

"నీళ్లు ఇంకాలె గద" అని లోపలికి పోయింది.

నేను అదే రోజు ఊరికి వచ్చేశాను. నెల రోజులు ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. ఆమె చేయలేదు. నేను చేసే మొహం లేదు. బస్టాండులో మాత్రం అందరూ పలకరించారు. "బాపు, గడ్డి ఎట్లున్నది?" అని.

వినాయక చవితి పొద్దున ఫోను మోగింది.

"అన్నా" అన్నది భారతమ్మ.

"చెల్లె" అన్నాను.

"పూజకు గరిక కావాలె గద. బజార్ల కొనలే. నా వాకిట్లనే తెంపిన." ఆమె నవ్వుతున్నది. "సందు సందుకు లేచింది అన్నా. వేరు సావలేదని ఆ రోజే ఎర్క నాకు. నీకు చెప్తే మల్ల ఏమన్న కొడతవని చెప్పలే."

అంతలో ఫోను చేతులు మారింది. బావ గొంతు, చాలా నెమ్మదిగా, ఆమెకు వినబడకుండా.

"బావా, బండల మీద గళ్ల చీర ఆరేసినట్టున్నది. నడువనియ్యదు, ఊడువనియ్యదు. గీ గడ్డి పోవాలె. నీ దగ్గర ఆ సోయా మందు ఇంక మిగిలి ఉంటది గద? జర పట్టుకరా."

మిగిలి ఉంది. సగం సీసా. కొట్టంలో తాళం వేసిన పెట్టెలో ఉంది. ఇప్పుడు సరైన మందు, సరైన చోటికి, సరైన మనిషి అడుగుతున్నాడు. నా జన్మలో నా మందు పరిజ్ఞానానికి ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

"అయిపోయింది బావా" అన్నాను.

పాఠకుల సాక్షిగా, నోట్లోని సెట్టు తీసి అరచేతిలో పెట్టుకుని ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ దుకాణంలోనైనా "ఏం పంట" అని అడిగితే, వెనక ఎల్లారెడ్డి మొత్తం నిలబడి ఉన్నా నిజమే చెప్తాను. హెడ్మాస్టరు ఒక ప్రశ్న అడిగితే నవ్వే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను. ఇక కామారెడ్డిలో ఆ రెండు వేళ్ల సందుల్లో మొలిచిన గడ్డి దగ్గర, ఊపిరి ఉన్నంతకాలం, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా తుమ్మను కూడా తుమ్మను.